తామర పలకను కిల్న్‌లో పెట్టేముందు

చిరంజీవి స్వాతికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి, గాజు కరిగించే కరెంటు కొలిమి, అదే కిల్న్, కొన్నావనీ, అప్పుడే ఆర్డరు కూడా పట్టావనీ మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. తిడుతున్నట్టే మొదలుపెట్టాడు గానీ గర్వం దాచుకోలేకపోయాడు. నాకూ సంతోషమే. కానీ పూజగది తలుపుకు తామరపువ్వు పలక, అదీ గృహప్రవేశం ముహూర్తానికి, అనేసరికి గుండె గుభేలుమంది. గాజు చల్లారడానికి పంతులుగారు ముహూర్తం పెట్టరు తల్లీ.

నువ్వు పంపిన షెడ్యూల్, అదే గాజును ఎంత వేగంతో వేడెక్కించి చల్లార్చాలో రాసిన లెక్క, చూశాను. అడుగున 6 మిల్లీమీటర్లు, పైన రేకులు మరో 6. కలిపితే 12 కదా అని చల్లార్చే పట్టికలో 12కి ఎదురుగా ఉన్న అంకెలు దింపేశావు. ఆ పట్టిక అంతటా ఒకే మందం ఉన్న పలకకు రాసింది. నీ పలకలో రేకుల దగ్గర 12, రేకుల మధ్య 6. పలుచని చోటు ముందే చల్లబడి బిగుసుకుంటుంది, మందమైన చోటు ఇంకా వేడి వదలదు. ఆ దశలో పలకలో ఒక చోటికీ మరో చోటికీ 5 డిగ్రీలకు మించి తేడా రాకూడదు. కంట్రోలర్ మీద కనిపించే అంకెను నమ్ముకోకు, అది లోపలి గాలి వేడి, గాజుది కాదు.

అందుకే అన్నిటికంటే మందమైన చోటును రెట్టింపు చేసి, ఆ మందానికి ఉన్న వరుస తీసుకో. నీకు 25 మిల్లీమీటర్ల వరుస సరిపోతుంది: 482 డిగ్రీల దగ్గర 4 గంటలు నిలపాలి, అక్కడి నుంచి 427 వరకు గంటకు 15 డిగ్రీలు, 371 వరకు గంటకు 27, ఆ తర్వాత గంటకు 90కి మించకుండా దించాలి. నీ లెక్కలో చల్లార్చడం అయిదు గంటల్లోపే అయిపోయింది. ఇందులో పదమూడు గంటలు దాటుతుంది. ఇవి నువ్వు కొన్న బుల్స్‌ఐ కంపెనీ గాజుకు చెప్పిన అంకెలు. మామూలు కిటికీ గాజు ముక్కను దానితో కలిపి కరిగించావో, ఏ షెడ్యూలూ కాపాడదు.

నేను పని నేర్చుకున్న చోట ఒక పెద్దాయన చేప బొమ్మ పలక చేశారు. పొలుసులు ఒక్కొక్కటీ ఉబ్బెత్తుగా, ముచ్చటగా ఉండేవి. ఆయన సగటు మందం లెక్కగట్టి చల్లార్చారు. పలక చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. తీసుకెళ్లి ఆ ఇంట్లో బిగించి వచ్చారు. కొన్ని వారాలకు, ఎవరూ ముట్టుకోకుండానే, ఒక రాత్రి ఠప్పుమని పగిలింది. ముక్కలు గోనెసంచిలో తిరిగొచ్చాయి. వాటిని బల్ల మీద పేర్చి నన్ను పిలిచారు. పగులు తిన్నగా పోలేదు. పొట్ట దగ్గర పొలుసుల అంచు పట్టుకుని వంకర తిరుగుతూ వెళ్లి, పలక చివర కొక్కెంలా వంగింది. మందమూ పలుచనా కలిసే గీత ఏదో, పగులు సరిగ్గా దాని మీదే నడిచింది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ ఇంట్లో పాకే పిల్ల ఉంది" అన్నారు. ఆ రాత్రి పిల్ల ఆ గదిలో లేదు కాబట్టి సరిపోయింది.

నువ్వు తలుపు అనగానే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. చల్లార్చడం ఎంత బాగా కుదిరినా ఇది టఫెన్డ్ గాజు (పగిలినా పదునైన పెంకులు కాని గట్టి గాజు) కాదు. పలకకు రెండు వైపులా టఫెన్డ్ అద్దం వేయించాల్సిందే. ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి, ఒప్పుకోకపోతే ఆర్డరు వదిలెయ్.

వేడెక్కించేటప్పుడూ నిదానమే. రేకుల నీడన ఉన్న గాజు ఆలస్యంగా వేడెక్కుతుంది, కాబట్టి 540 వరకు గంటకు 80 డిగ్రీలు చాలు. షెల్ఫుకు కిల్న్ వాష్, అదే గాజు అంటుకోకుండా వేసే పొడిపూత, పూసేటప్పుడు, గీకేటప్పుడు మాస్కు వేసుకో. లోపలే పగిలితే ముందు అంచు చూడు: గుండ్రబడి ఉంటే ఎక్కేటప్పుడు పగిలింది, పదునుగా ఉంటే దిగేటప్పుడు.

ఇక కరెంటు. మీ ఇంటి ఇన్వర్టరు కిల్న్‌ను మొయ్యదు, ఆ ఆశ పెట్టుకోకు. దిగే దశలో కరెంటు పోతే మూత తెరవకుండా వదిలెయ్. తిరిగి వచ్చాక, నెమ్మదిగా 482కి తీసుకెళ్లి ఆ 4 గంటలూ మొదటి నుంచి నిలపాలి. చూడాలన్న ఆత్రంతో 200 దగ్గర మూత ఎత్తావని తెలిస్తే మాత్రం నాతో మాట్లాడకు.

పదమూడు గంటలకే విసుక్కుంటావేమో, అమెరికాలో కార్నింగ్ గాజు కంపెనీ వాళ్లు పాలోమర్ టెలిస్కోపుకు 200 అంగుళాల అద్దం పోత పోసింది 1934 డిసెంబరులో. దాన్ని చల్లార్చడానికి సుమారు పది నెలలు పట్టింది. దాని వెనుక వైపు కూడా గుంటలూ మిట్టలే.

మీ నాన్నతో రెండు పోలరైజింగ్ ఫిల్టర్లు పంపుతున్నాను. రెంటినీ వెలుతురుకు ఎదురుగా పెట్టి, మధ్యలో నల్లబడేదాకా ఒకదాన్ని తిప్పి, వాటి మధ్య పలక ఉంచు. రేకుల చుట్టూ తెల్లగా మెరిస్తే లోపల ఒత్తిడి మిగిలినట్టే. అయితే నువ్వు ఎంచుకున్న పాలగులాబీ రంగులో వెలుతురు దూరదు, ఏమీ కనిపించదు. కాబట్టి అదే మందాలతో రంగులేని పారదర్శక గాజులో ఒక చిన్న పువ్వు ముందు చేసి చూడు. దానికి రోజు పోతుంది, పోనీ.

రాత్రి కిల్న్ పక్కన చాప వేసుకుని పడుకుంటున్నావట. ఆ గదిలో వద్దు, బయట వరండాలో పడుకో. వేళకు తిను. కొత్త షెడ్యూల్ కాగితం మీద రాసి, స్విచ్ వేసేముందు నాకు ఫోటో పంపు. అర్ధరాత్రయినా ఫరవాలేదు, చూసి చెబుతాను.

మీ అత్తయ్య