వేళ చూసి సూది: ఆక్యుపంక్చర్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున మూడున్నరకి దగ్గుతో మెలకువ వస్తోంది. అది ఊపిరితిత్తుల వేళట, సూదులు కూడా అప్పుడే వేయించుకోవాలట. అది కుదిరే పనేనా?

జవాబు: కుదరకపోయినా నష్టం లేదు. ఆ మాట సగమే నిజం. చైనా వైద్యం రోజును రెండేసి గంటల చొప్పున పన్నెండు వేళలు చేసి, ఒక్కో మెరిడియన్‌కి (ఒంట్లో శక్తి పారే దారికి) ఒక్కోటి కేటాయించింది. 3 నుంచి 5 ఊపిరితిత్తులది, 5 నుంచి 7 పెద్దపేగుది, 7 నుంచి 9 జీర్ణాశయానిది, 9 నుంచి 11 ప్లీహానిది. ఈ వరస రాత్రి 1–3 మధ్య కాలేయంతో ముగిసి మళ్ళీ మొదటికొస్తుంది. దీన్ని జివు లియుఝు అంటారు. ఇందులోని తల్లి-బిడ్డ సూత్రం (పంచతత్వాల వరసలో ముందుది తల్లి, తర్వాతిది బిడ్డ) ప్రకారం, మెరిడియన్‌లో శక్తి మితిమీరితే దాని సొంత వేళలోనే బిడ్డ పాయింట్ దగ్గర తగ్గించాలి. శక్తి సన్నగిల్లితే ఆ వేళ దాటాక, తర్వాతి రెండు గంటల్లో తల్లి పాయింట్ దగ్గర బలమివ్వాలి.

ముందు తేల్చుకోవలసింది మీ దగ్గు ఏ రకమన్నది. గొంతు పెద్దగా, చిక్కటి పసుపు కఫంతో వస్తే మితిమీరినట్టు. బిడ్డ పాయింట్ లంగ్ 5 (ఊపిరితిత్తుల మెరిడియన్‌లో అయిదోది), వేళ 3–5. మెల్లగా, ఆయాసంతో, కాస్త నడిస్తేనే చెమట పట్టే మనిషికి వస్తే సన్నగిల్లినట్టు. తల్లి పాయింట్ లంగ్ 9, వేళ 5–7. బలహీనుడి దగ్గర సూదిని తిప్పి తిప్పి తగ్గించే పద్ధతి వాడితే ఆ రోజంతా మనిషి నీరసంగా పడి ఉంటాడు. వేళ తప్పడం కన్నా ఇదే పెద్ద తప్పు. లంగ్ 9 మణికట్టు మడత మీద, నాడి కొట్టుకునే ధమని పక్కనే ఉంటుంది. వేలితో ధమనిని పక్కకి జరిపి, పైపైనే గుచ్చాలి.

ఆ గంటల్లో క్లినిక్ తెరవరు కదా అంటే, ఎదురు వేళ ఉంది. గడియారంలో ఊపిరితిత్తులకి సరిగ్గా ఎదురుగా, మధ్యాహ్నం 3–5 మధ్య, మూత్రాశయ మెరిడియన్ ఉంటుంది. వీపు మీదుగా సాగే ఆ మెరిడియన్‌లోని బ్లాడర్ 13 ఊపిరితిత్తుల పాయింటే. అయితే అక్కడ చర్మం కింద కొద్ది లోతులోనే ఊపిరితిత్తి ఉంటుంది కాబట్టి సూదిని నిటారుగా దించకూడదు, వెన్నెముక వైపు ఏటవాలుగా పోవాలి. సిట్టింగ్ అయ్యాక, కొన్ని గంటల తర్వాతైనా సరే, ఛాతీలో పోటు, ఊపిరాడకపోవడం ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకో మాట. ఉబ్బసం తెల్లవారుజామున ముదరడం ఆధునిక వైద్యానికీ తెలిసిందే. అంతమాత్రాన చైనా గడియారం రుజువైనట్టు కాదు. ముందు ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకోండి, ఇన్‌హేలర్ ఉంటే మానకండి.

ప్రశ్న: చైనా లెక్కలో ఉదయం 7–9 జీర్ణాశయం చురుగ్గా ఉండే వేళ. ఆయుర్వేదంలో 6–10 కఫకాలం, అగ్ని మందం. అజీర్తికి దేన్ని నమ్మి టైము పెట్టుకోవాలి?

జవాబు: ఈ రెండింటినీ గుంజి ఒకటి చేయాలని చూస్తారు, అక్కడే చిక్కంతా. చైనా గడియారం ఏ మెరిడియన్‌ని ఎప్పుడు తాకాలో చెబుతుంది. ఆయుర్వేదం పగటినీ రాత్రినీ కఫ, పిత్త, వాతాలకి పంచి (6–10, 10–2, 2–6) మనిషి ఆ పూట ఏ స్థితిలో ఉంటాడో చెబుతుంది. కాబట్టి పాయింటు మొదటిదాని నుంచి, సూదుల సంఖ్య, ఉంచే సేపు రెండోదాని నుంచి తీసుకుంటే తగువు ఉండదు.

తిన్నాక బరువుగా, మందంగా ఉండే కఫ మనిషికి ఉదయం 9–10 బాగా కుదురుతుంది. ప్లీహం వేళ మొదలైంది, కఫకాలం ఇంకా ఉంది. సూదులు 25–30 నిమిషాలు ఉంచవచ్చు, మాక్సా (ఎండిన మాచిపత్రి కాల్చి ఇచ్చే) వేడీ పట్టవచ్చు. ఛాతీలో మంట, పులితేన్పుల పిత్త మనిషికి 10–2 మధ్య మాక్సా జోలికి పోవద్దు. నిద్ర పట్టక, ఒళ్ళు పొడిబారి, గాభరా పడే వాత మనిషికి ఆరేడు సన్నని సూదులు, పదిహేను నిమిషాలు, వెచ్చని గది చాలు. అలాంటివారికి ఇరవై సూదులు గుచ్చితే ఆ రాత్రి నిద్ర ఇంకా చెడుతుంది.

వేళ సరిపోయిందో లేదో ఒక్క సిట్టింగ్‌తో తేలదు. వారానికి ఒకటి రెండు చొప్పున ఆరు సిట్టింగ్‌లు ఒకే వేళకి పెట్టించుకుని, బాధ ఏ గంటకి మొదలైందో, ఎంతసేపుందో రోజూ రాసుకోండి. ఆ కాగితం చూశాకే వేళ మార్చడం.

ప్రశ్న: ఈ గంటలు మన చేతి గడియారానివేనా?

జవాబు: కావు, సూర్యుడివి. నెత్తిమీదికి సూర్యుడొచ్చేదే అసలు 12. దేశమంతటికీ ఒకే టైము పెట్టినప్పుడు, ఆ టైముకి ఆధారమైన రేఖాంశం నుంచి పడమరగా ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు కలపాలి, తూర్పుగా అయితే తీసేయాలి. అయిదు డిగ్రీల పడమరన ఉన్నవారికి 9–11 వేళ గడియారంలో 9.20కి మొదలవుతుంది. వేసవిలో గడియారం గంట ముందుకి జరిపే దేశాల్లో ఇంకో గంట కలపాలి. ఇవిగాక సూర్యుడే ఫిబ్రవరిలో 14 నిమిషాల దాకా వెనకబడతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాల దాకా ముందుంటాడు. ఈ కూడికలు విసుగనిపిస్తే, వేళకి నడిమి గంటలో సిట్టింగ్ పెట్టించుకోండి. చాలామట్టుకు సరిపోతుంది.

ప్రశ్న: ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి సాయంత్రం ఆరింటికి సూదులు వేయించుకుంటే కళ్ళు తిరుగుతున్నాయి. అది కిడ్నీ వేళ కావడం వల్లనా?

జవాబు: ఖాళీ కడుపు వల్ల. గంటన్నర ముందు తేలికగా ఏదైనా తినండి, నీళ్ళు తాగండి, చేరాక పది నిమిషాలు కూర్చోండి. కుర్చీలో కాకుండా పడుకుని వేయించుకోండి. ఆకలి, అలసట, మద్యం, కోపం, పొట్ట నిండా భోజనం ఉన్నప్పుడు గుచ్చవద్దని చైనా పాత గ్రంథాలే చెప్పాయి, ఈ నియమం ముందు ఏ గడియారమైనా తర్వాతే. కళ్ళు తిరుగుతున్నాయనగానే సూదులన్నీ తీసేసి, కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకోబెట్టాలి. తేరుకున్నాకే తీపి నీళ్ళు.

ప్రశ్న: మర్మస్థానాల మీద సూదులు వేస్తే రెట్టింపు ఫలితమని చెబుతున్నారు. వేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. సుశ్రుతుడు లెక్కగట్టిన 107 మర్మాలు గుచ్చే చోట్లు కావు, శస్త్రం తగలకుండా కాపాడవలసిన చోట్లు. అందులో 19 దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం తీసేవని ఆయనే విడిగా చెప్పాడు, గుండె, బొడ్డు, మూత్రాశయం అందులోవే. మర్మ చికిత్సంటే వేలి ఒత్తిడి, నూనె. సూది కాదు.