కిట్ కారుకు పనిముట్లు: మామ షెడ్డు నుంచి ఏవి, ఇక్కడ కొనేవి ఏవి

సందేహం: మాది కర్నూలు. బర్మింగ్‌హామ్‌కు వచ్చి ఏడాదైంది. గ్యారేజీ ఉన్న ఇల్లు అద్దెకు దొరికింది, అందులో కిట్ కారు కట్టుకోవాలని ఉంది. మా మామకు ఊళ్లో లారీ షెడ్డు ఉంది. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లతో పానాలు పంపిస్తానంటున్నాడు. ఏవి తెప్పించుకోవాలి? ఇక్కడ ఏవి కొనాలి?

జవాబు: కిట్ కారు విడి భాగాలుగా వస్తుంది, మనమే కూర్చుకోవాలి. అందులో చట్రం, అంటే ఛాసిస్‌ వెల్డింగ్ అయ్యి, పౌడర్ కోటింగ్‌ (కాల్చి గట్టిపరిచిన పొడి రంగు) వేసుకుని వస్తుంది. అందుకని వెల్డింగ్ మిషన్, లేత్ అక్కర్లేదు. మీ చేతికి మిగిలేది నాలుగు రకాల అతుకు: బోల్టు, రివిట్టు, బ్రేకు పైపు, వైరు. ఈ నాలుగింటిలో మీ మామకూ మీకూ ఒక తేడా ఉంది. బోల్టు ఎక్కడ ఆపాలో ఆయన చేతికి తెలుసు. ఎన్నో ఏళ్లు లారీల కింద పడుకుని నేర్చుకున్న చెయ్యి అది. మీకింకా ఆ చెయ్యి రాలేదు. ఆ చేతికి బదులుగా నిలబడే పనిముట్ల మీద డబ్బు పెట్టండి, మిగతావి ఎక్కడివైనా ఫరవాలేదు.

మామ దగ్గర నుంచి తెప్పించుకోదగ్గవి: రింగు పానాల సెట్టు, డీ పానాలు (రెండు చివరలా తెరిచిన నోరున్నవి), ఆకురాయిలు (చదునుది ఒకటి, అర్ధచంద్రం ఒకటి, గుండ్రటి సన్నది ఒకటి), హాక్సా ఫ్రేము, సుత్తి. మన దగ్గర దొరికే 12-13, 16-17 పానాలు ఇక్కడి మెట్రిక్ బోల్టులకు సరిగ్గా సరిపోతాయి. అయితే కిట్‌లోకి పాత బ్రిటిష్ కారు భాగాలు వస్తే కొన్ని బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పట్టినట్టే పడుతుంది, గట్టిగా తిప్పగానే మూలలు అరిగి బోల్టు తల గుండ్రమవుతుంది. ముప్పావు అంగుళానికి మాత్రం 19 పానా దాదాపు సరిపోతుంది. అంగుళాల సాకెట్ల చిన్న సెట్టు ఒకటి ఇక్కడే కొనుక్కోండి.

పానాలన్నీ చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టించండి. బ్యాటరీ డ్రిల్ పంపిస్తే విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతి సంచిలో ఉండాలి, ఒక్కోటి 100 వాట్-అవర్స్ లోపు. 18 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ 90 అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కరెంటు గ్రైండర్ అక్కడిదే పనిచేస్తుంది, రెండు చోట్లా 230 వోల్టులే. కానీ అడాప్టరు మీద నడపొద్దు. ఇక్కడి ఫ్యూజున్న మూడు పిన్నుల ప్లగ్గు మార్చుకోండి.

ఇక కొనాల్సినవి. మొదటిది టార్క్ రెంచి (మనం పెట్టిన బిగువు రాగానే తెలిపే రెంచి), అది కూడా రెండు. ఒకటి 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల (బిగువుకు కొలత) వరకు, ఇంకొకటి 40 నుంచి 200 వరకు. ఒక్కటే పెద్దది కొని చిన్న బోల్టులకు వాడితే, దాని కొలతలో అడుగు భాగంలో లెక్క సరిగా రాదు. కిట్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకే మొదటి మాట. అక్కడ ఏమీ లేకపోతే 8.8 గ్రేడు (బోల్టు బలాన్ని చెప్పే గుర్తు) ఉక్కు బోల్టుకు ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) అయితే సుమారు 25, ఎం10 అయితే సుమారు 50 న్యూటన్ మీటర్లు. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు పెయింటు పెన్నుతో గీత గీయండి. రెండు నెలల తర్వాత ఏది బిగించారో, ఏది వేలితో తిప్పి వదిలేశారో చూడగానే తెలుస్తుంది. టార్క్ రెంచితో బోల్టు ఊడదీయొద్దు. పని అయ్యాక అడుగు అంకెకు తిప్పి పెట్టండి.

సస్పెన్షన్ ఆర్ముల (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కడ్డీల) రబ్బరు బుష్షుల్లో దూరే బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు చేయొద్దు. అలా బిగిస్తే కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి, కొద్ది రోజుల్లో చిరుగుతుంది. వేలితో బిగించి వదిలి, కారు తన చక్రాల మీద, తన బరువుతో నిలబడ్డాకే రెంచి పెట్టాలి. నైలాన్ రింగున్న లాక్ నట్టు ఒకసారి పూర్తిగా బిగించి తీస్తే దాని పట్టు తగ్గిపోతుంది, కొత్తది వేయండి. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు సస్పెన్షన్‌లో వాడకండి. మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు బలంలో 8.8 ఉక్కు కంటే తక్కువ.

కొత్త ఛాసిస్‌తో మొదటి రోజే వచ్చే చిక్కు ఒకటుంది. పౌడర్ కోటింగ్ మరల్లోకి దిగి గట్టిపడి ఉంటుంది. బోల్టును బలవంతంగా తోస్తే మర పోతుంది. ఎం6, ఎం8, ఎం10 ట్యాపులు (మర కోసే పనిముట్లు) మూడు ఉంటే చాలు. నూనె చుక్క వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ శుభ్రం చేయండి.

బ్రేకు పైపు దగ్గర మాత్రం పైసా తగ్గించొద్దు. 4.75 మిల్లీమీటర్ల కాపర్-నికెల్ పైపు, మంచి ఫ్లేరింగ్ టూలు (పైపు చివరను ఫ్లేరుగా, అంటే ఫిట్టింగులో కూర్చునే ఆకారంలో విప్పేది), చిన్న పైపు కట్టరు, పైపు వంచే చేతి టూలు, 11 మిల్లీమీటర్ల ఫ్లేర్ పానా కావాలి. ఉత్త రాగి పైపు వద్దు, అదురుకు గట్టిపడి పగులుతుంది. చివర రెండు రకాలుగా వస్తుంది: యూరప్ కార్ల ఎం10 ఫిట్టింగులకు ఉబ్బు ఆకారపు బబుల్ ఫ్లేరు, అమెరికన్ అంగుళాల ఫిట్టింగులకు లోపలికి మడిచిన డబుల్ ఫ్లేరు. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పెడితే బిగుస్తుంది కానీ కూర్చోదు, కారుతుంది. చవక టూల్లో పైపు దవడల మధ్య జారుతుంది, ఫ్లేరు ఒక పక్కకు ఒరుగుతుంది. పైపును హాక్సాతో కోయొద్దు, కట్టరుతోనే కోసి లోపలి అంచున లేచిన ముళ్లు తీసేయాలి. ఫ్లేరు చేసే ముందు నట్టు పైపులో దూర్చారా లేదా చూసుకోండి. దాదాపు కొత్తవాళ్లందరూ ఒకసారైనా మరిచిపోయే పని ఇది. అసలు పైపు పట్టుకునే ముందు పది ముక్కలు చేసి చూడండి.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీశాక పెడల్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోమని ఇంకొకరికి చెప్పి, ప్రతి అతుకు దగ్గరా పొడి కాగితంతో తుడిచి చూడండి. కాగితం తడిస్తే ఇంకా బిగించడం మందు కాదు, ఆ చివర కోసి కొత్త ఫ్లేరు చేయాలి. బ్రేకు నూనె పెయింటును తినేస్తుంది. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

రివిట్టు పని విసుగ్గా సాగుతుంది, వందల్లో ఉంటాయి. 3.2 మిల్లీమీటర్ల రివిట్టుకు 3.3 బిట్టు, 4.8కి 4.9. అదే 3.2 రివిట్టుకు 3.5 బిట్టు వేశారంటే రివిట్టు కదులుతుంది, అల్యూమినియం షీటు గలగలమంటుంది. బిట్లు పది కొనండి, ఉక్కు ట్యూబులో రోజుకొకటి విరుగుతుంది. అల్యూమినియం షీటుకూ ఉక్కు ట్యూబుకూ మధ్య సీలెంటు పూయకుండా రివిట్టు కొట్టొద్దు. తడి తగిలే దేశంలో రెండు లోహాలు ఆనుకుని ఉంటే అల్యూమినియం తెల్లగా పొడిబారి తినేసుకుపోతుంది. షీటును తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులుంటాయి, క్లీకో అంటారు. ఇరవై కొనండి, వాటికి ప్రత్యేకమైన ప్లేయరు కూడా. ఫైబర్ గ్లాసు బాడీకి రంధ్రం వేసేటప్పుడు ముందు మాస్కింగ్ టేపు అంటించి, డ్రిల్‌ను మొదట వెనక్కు తిప్పుతూ ఆనించండి, పైపొర పెచ్చు లేవదు. దుమ్ముకు బట్ట కట్టుకుంటే సరిపోదు, ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు పెట్టుకోండి, సన్న దుమ్మును ఆపేది అదే.

వైరింగుకు రాట్చెట్ క్రింపింగ్ ప్లేయరు (వైరు చివరకు టెర్మినల్ నొక్కి బిగించేది) కావాలి. పూర్తిగా నొక్కేదాకా అది విడవదు, అదే దాని గుణం. మామూలు కట్టింగ్ ప్లేయరుతో నొక్కిన టెర్మినల్ ఇవాళ పట్టుకుని ఆరు నెలలకు వదులవుతుంది. ఎర్ర టెర్మినల్ 0.5-1.5, నీలం 1.5-2.5, పసుపు 4-6 చదరపు మిల్లీమీటర్ల వైరుకు. మల్టీమీటరు తప్పనిసరి. బ్రేకు నొక్కితే ఇండికేటరు మసకబారే జబ్బుకు తొంభై పాళ్లు ఎర్తే కారణం. ఎర్తు టెర్మినల్ కింద పౌడర్ కోటింగ్ గీరి, మెరిసే లోహం కనిపించాకే బిగించండి.

ఎత్తే సామాను విషయంలో అరువు బుద్ధి మంచిది. ఇంజను క్రేను అద్దెకు తీసుకోండి, రెండు రోజుల పనికి కొనడం దండగ. నాలుగు సిలిండర్ల ఇంజను, గేర్‌బాక్సు కలిపి 150 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. బూమ్‌ను (క్రేను చేతిని) పూర్తిగా బయటికి లాగితే టన్ను క్రేను ఎత్తేది పావు టన్ను దాకానే ఉండొచ్చు, దాని మీద రాసిన అంకె చూసుకోండి. యాక్సిల్ స్టాండ్లు (ఎత్తిన కారును మోసి నిలిపేవి) మాత్రం నాలుగు సొంతంగా కొనండి. జాకీ ఎత్తడానికే, దాని మీద నమ్మకంతో కారు కిందికి తల పెట్టొద్దు. ఛాసిస్‌ మట్టం చూడటానికి లేజర్ అక్కర్లేదు. ఇంట్లో కడప బండలు పరిచేటప్పుడు మేస్త్రీ నీళ్ల గొట్టంతో మట్టం పడతాడు చూడండి, నాలుగు మూలలకూ అదే పద్ధతి పనిచేస్తుంది. చక్రాల వరస చూడటానికి రెండు వైపులా దారం కట్టండి.

అమెరికా వెళ్లిన మనవాళ్లకు రెండు మాటలు. అక్కడ 120 వోల్టులు, ఊరి గ్రైండర్ పనికిరాదు. కిట్లలో అంగుళాల కొలతలే ఎక్కువ, అంగుళంలో ఎనిమిదో వంతు రివిట్టుకు 30వ నంబరు బిట్టు, అంగుళంలో పదహారింట మూడు వంతుల రివిట్టుకు 11వ నంబరు. ఆటోజోన్ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కట్టి టూళ్లు తెచ్చుకుని, తిరిగిచ్చి డబ్బు వెనక్కు తీసుకోవచ్చు.

మళ్లీ బర్మింగ్‌హామ్‌కే వద్దాం. పని మొదలుపెట్టే ముందు అద్దె ఒప్పందం చదవండి, గ్యారేజీలో కారు పని చేయొచ్చో లేదో ఇంటి ఓనరును రాతపూర్వకంగా అడగండి. భాగాల రసీదులన్నీ, వారం వారం తీసిన ఫోటోలూ ఒక ఫైలులో పెట్టండి, రిజిస్ట్రేషనుకు ఇక్కడి వాహనాల శాఖ డీవీఎల్‌ఏ అడుగుతుంది. అంతకుముందు ఐవీఏ పరీక్ష (ఒక్కో కారునూ విడిగా చూసి రోడ్డుకు ఒప్పుకునే తనిఖీ) ఉంటుంది. అందులో ఎగ్జామినరు 100 మిల్లీమీటర్ల బంతి తగిలే ప్రతి బయటి అంచునూ చూస్తాడు. ఆ అంచు కనీసం 2.5 మిల్లీమీటర్ల వంపుతో నున్నగా ఉండాలి. మామ పంపిన ఆకురాయిలు అప్పుడు చేతికొస్తాయి, వాటితో పాటు అంచు వంపు కొలిచే చిన్న రేడియస్ గేజి ఒకటి కొనుక్కోండి.

అనంతపురం, కర్నూలు పొడి గాలిలో ఏళ్ల తరబడి మెరుస్తూ ఉన్న పానాలు ఇక్కడి హీటింగు లేని గ్యారేజీలో ఒక్క చలికాలంలో తుప్పు పడతాయి. రాత్రి చల్లబడిన ఇనుము మీద పొద్దున తేమ కూర్చుంటుంది. పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచి, మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. టార్క్ రెంచిలనూ మల్టీమీటరునూ ఇంట్లోకి తెచ్చుకోండి.