హాల్లో లైటు కొనేముందు ఫ్యాన్ ఎక్కడుందో చూసుకోండి

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లోకి మారుతున్నారు, లైట్లకీ అలంకరణకీ కలిపి 25 వేలు పక్కన పెట్టుకున్నారు, పక్కింట్లో లేనిది కావాలి, ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి అంటున్నారు. 2021లో నేనూ అచ్చం ఇలాగే వెతికాను. అందులో సగం డబ్బు ఇప్పుడు అటక మీద ఉంది. ఆ సంగతే ముందు చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నగరంలోని ఒక పెద్ద లైట్ల షోరూమ్‌కి వెళ్లాం. ఏడు గాజు గోళాలు ఏడు ఎత్తుల్లో వేలాడే లైటు ఒకటి కనిపించింది. 11 వేలు. చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాం. షోరూమ్‌లో ఒకేసారి వంద లైట్లు వెలుగుతుంటాయి కాబట్టి, ఈ ఒక్కటీ ఎంత వెలుగిస్తుందో అక్కడ తెలిసే దారే లేదు. అది మాకు తట్టలేదు. ఇంకొకటి కూడా తట్టలేదు. మా హాలు సీలింగ్ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. మధ్యలో ఫ్యాను. లైటు పాయింటు ఫ్యానుకి రెండున్నర అడుగుల దూరంలో ఉంది.

మొదట ఫ్యాను రెక్కల కంటే కిందికి వేలాడదీశాం. ఫ్యాను వేయగానే గోళాలు ఊగి ఒకదానికొకటి తగిలి రాత్రంతా టింగు టింగు. పగిలి పిల్లల నెత్తిన పడతాయేమోనని టెన్షన్. ఎలక్ట్రీషియన్ వైరు కుదించి రెక్కల కంటే పైకి లాగేశాడు. అప్పుడు మొదలైంది అసలు తమాషా. పైనుంచి వచ్చే వెలుగుని తిరిగే రెక్కలు నరుకుతూ ఉంటాయి కదా, గోడల మీద, సోఫా మీద, తింటున్న పళ్లెంలో కూడా నీడలు టకటకా కొట్టుకోవడం. మా అత్తయ్యగారు రెండు నిమిషాలు చూసి, "అల్లుడుగారూ, వాన లేకుండా ఈ మెరుపులేంటి?" అన్నారు. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు.

విదేశీ ఫోటోల్లో కనిపించే వేలాడే లైట్లు చాలావరకు సీలింగ్ ఫ్యాను లేని ఇళ్లవి. మనకి ఫ్యాను తప్పదు. కాబట్టి హాల్లో పైనుంచి వేలాడే లైటు ఆలోచన మానేయండి. గోడ లైటు, నేల మీద నిలబెట్టేది, బల్ల మీద పెట్టేది చూడండి. వేలాడేది కావాల్సిందే అంటే డైనింగ్ టేబుల్ మీద పెట్టుకోండి, బల్లకి రెండున్నర అడుగుల ఎత్తులో. అక్కడ గాలికి గోడ ఫ్యాను సరిపోతుంది.

ఇక బల్బులు. ఏమీ కొనకముందే చేయాల్సిన పని ఇది, ఖర్చు కూడా చాలా తక్కువ. బిల్డరు ఇచ్చేవన్నీ సాధారణంగా 6500 కెల్విన్ తెల్ల లైట్లు, అంటే మన పాత ట్యూబులైటు వెలుగు. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు అవుతుంది. ఆ వెలుగులో ఎంత ఖరీదైన వస్తువైనా ఆస్పత్రి సామానులా కనిపిస్తుంది. డబ్బా మీద 2700 లేదా 3000 అని రాసి ఉన్నవి తీసుకుని హాల్లో, పడగ్గదిలో మార్చండి. వంటింట్లో, పిల్లలు చదువుకునే చోట 4000 బాగుంటుంది. ఒకే గదిలో మాత్రం రెండు రంగులు కలపకండి, సగం మందుల షాపు, సగం పెళ్లి పందిరిలా తయారవుతుంది. మేం బల్బులు మార్చిన రోజు ఇంటికొచ్చిన స్నేహితుడు సోఫా కొత్తగా కొన్నారా అని అడిగాడు. ఆరేళ్ల సోఫా అది.

నలుగురిళ్లలో లేనిది అన్నారు కదా, ఇప్పుడు దానికొస్తాను. ఆ ఏడాది చివర్లో మా మరదలి పెళ్లికి పట్టుచీరలు తీసుకుందామని ధర్మవరం వెళ్లాం. చీరల బేరం తెమిలేలా లేదని నేను నిమ్మలకుంటకి బయల్దేరాను. దగ్గరే. అప్పుడది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఊళ్లో చాలా కుటుంబాలు తరతరాలుగా తోలుబొమ్మలు చేసేవాళ్లే. 2020లో పద్మశ్రీ ప్రకటించిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఈ ఊరే. ఆటలు చూసేవాళ్లు తగ్గిపోయాక ఊళ్లోవాళ్లు అదే తోలుతో, అదే చేత్తో ల్యాంపు షేడ్లు చేయడం మొదలుపెట్టారు.

నేను వెళ్లిన ఇంట్లో ఒక పెద్దాయన నేల మీద కూర్చుని, చెక్క మీద తోలు పరిచి చిన్న ఉలితో చిల్లులు కొడుతున్నాడు. మేక తోలు. బాగా నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లాగి ఆరబెడితే అవతలి వెలుగు కనిపించేంత పల్చగా అవుతుంది. బొమ్మ మెడలో హారం, నడుముకి వడ్డాణం, తల మీద కిరీటం, వీటిని గీతలతో కాదు, చిల్లులతో తీస్తారు. ఒక్కో చిల్లు ఒక్కో దెబ్బ. నేను చూస్తుండగానే అరచేయంత మేరకి గంట పట్టింది. తయారైన షేడు చేతికిస్తే, నిజం చెప్పాలంటే, నాకు పెద్దగా నచ్చలేదు. ముదురు ఎరుపు, నలుపు, అక్కడక్కడా ఆకుపచ్చ, అంతే. ఆయనకి నా మొహం చూడగానే అర్థమైపోయింది. లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, షేడు లోపల చిన్న బల్బు వెలిగించాడు. ఎరుపు నిప్పులా లేచింది. హారం చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా గోడంతా పరుచుకుంది. "పెద్ద బల్బు పెట్టొద్దు సార్, వేడికి తోలు ముడుచుకుంటుంది" అన్నాడు, ఇంకేం చెప్పలేదు.

ఒకటిన్నర అడుగుల షేడుకి 1,800 ఇచ్చాను. బేరం ఆడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక నేర్చుకున్నవి కొన్ని. 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు, రంగు 2700 ఉండాలి. ఒకప్పుడు తోలుబొమ్మలాటకి తెర వెనక ఆముదం దీపాలు పెట్టేవాళ్లు, ఆ రంగులు ఆ పసుపు వెలుగుకి కుదిరినవి. తెల్ల బల్బు పెడితే ఎరుపు చచ్చిపోతుంది. తడిగుడ్డతో తుడవకండి, పొడి బ్రష్ ఒక్కటే. కిటికీ పక్కన పెడితే ఎండకి రంగు వెలుస్తుంది. తొలకరికి ఉసిళ్లు షేడులో దూరి చస్తాయి, మర్నాడు బోర్లించి దులపాలి. మొదటి వానాకాలం కాస్త తోలు వాసన వచ్చింది, తర్వాత పోయింది. బల్బు కొనేముందు హోల్డరు చూసుకోండి, పాత పిన్ను రకమా, మర రకమా అని. నేను చూసుకోక రెండుసార్లు తిరిగాను.

ఇది పాతకాలం వస్తువు కదా, మోడర్న్ అడిగితే తోలుబొమ్మ అంటాడేంటి అనుకోవచ్చు. ఈ రోజు మోడర్న్ డిజైన్ అంటే అందరూ చూపించే జపాన్ కాగితపు లైట్లనే తీసుకోండి. ఇసాము నొగుచి అనే శిల్పి 1951లో గిఫు అనే ఊరికి వెళ్తే, అక్కడ కాగితపు లాంతర్లు చేసేవాళ్ల పని పడిపోయి ఉంది. అదే వెదురు బద్ద, అదే కాగితం తీసుకుని, లోపల కరెంటు బల్బు పెట్టి ఆయన కొత్త ఆకారాలు చేశాడు. అకారి అని పేరు పెట్టాడు. నిమ్మలకుంటలో జరిగింది కూడా దాదాపు ఇదే. తేడా అల్లా చుట్టూ ఏం పెడతారన్నదే. మా హాల్లో ఆ గోడకి తెల్ల రంగు వేసి ఇంకేమీ తగిలించలేదు. కింద సాదా చెక్క బల్ల, దాని మీద ఈ షేడు. పక్కన నాలుగు ఫోటో ఫ్రేములు, ఒక ప్లాస్టిక్ పూలకుండీ పెట్టి ఉంటే ఎగ్జిబిషన్ స్టాల్‌లా ఉండేది.

అలంకరణకి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క సామాను కూడా చూడండి. అంకుడు కర్రని లేతు మిషను మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. వేలితో తాకితే గాజులా జారుతుంది. ఒకే రంగులో మూడు వేర్వేరు ఎత్తుల డబ్బాలు తెచ్చి అలమర మీద పెట్టాం, ఎక్కడివని అడగనివాళ్లు లేరు. అంత దూరం వెళ్లలేకపోతే లేపాక్షి, గోల్కొండ అనే ప్రభుత్వ హస్తకళల షోరూముల్లో, శిల్పారామంలో వెతకండి. హోల్డర్లు, వైర్లు, మామూలు లైట్లకి హైదరాబాద్‌లో కోఠి దగ్గర ట్రూప్ బజార్ చాలు.

ఒక్కటి మాత్రం చేయకండి. నేను తాతయ్య కిరసనాయిలు లాంతరులో బల్బు పెట్టించి బాల్కనీలో తగిలించాను. "రోటీ, పప్పు తడ్కా ఆర్డరు ఇద్దామా?" అంది మా ఆవిడ. మర్నాడే తీసేశాను.

మీ 25 వేలలో బల్బులకి ఒక రెండు వేలు, తోలు షేడుకో రెండున్నర వేలు, లక్క సామానుకి వెయ్యి, ఒక మంచి గోడ లైటుకి మూడు వేలు వేసుకోండి. మిగతాది ముట్టుకోకుండా ఆ ఇంట్లో మూడు నెలలు ఉండండి. ఏ మూల సాయంత్రం చీకటిగా ఉంటోందో అప్పటికి తెలుస్తుంది.

ఆ ఏడు గోళాల లైటు ఇంకా మా అటక మీదే ఉంది, ఒక్క గోళం కూడా పగల్లేదు. మీ హాల్లో ఫ్యానుకీ లైటు పాయింటుకీ మధ్య ఆరడుగులకి తక్కువ కాకుండా ఉంటే చెప్పండి, సగం ధరకి ఇచ్చేస్తాను.