విదేశీ ఎంబీబీఎస్‌కు ఫీజు కట్టే ముందు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. కిర్గిజ్‌స్థాన్‌లోని బిష్కెక్‌లో ఒకటి, జార్జియాలోని టిబిలిసీలో ఒకటి ఎంబీబీఎస్ ఆఫర్ లెటర్లు వచ్చాయని, శుక్రవారంలోపు అడ్వాన్సు కట్టమని కన్సల్టెన్సీ వాళ్లు తొందరపెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరలేదు. రాసి పెడితే మళ్లీ మళ్లీ చూసుకుంటావని రాస్తున్నా. మీ నాన్నకు కూడా చూపించు.

నువ్వు వెళ్లడం నాకు ఇష్టమే. మా ఆసుపత్రిలో విదేశాల్లో చదివొచ్చిన పిల్లలు ఇంటర్న్‌షిప్ చేస్తుంటారు, వాళ్లలో చాలా మంచి డాక్టర్లయ్యే వాళ్లున్నారు. కానీ డిగ్రీ చేతిలో ఉండి కూడా డాక్టరుగా రిజిస్ట్రేషన్ కోసం మెడికల్ కౌన్సిల్ చుట్టూ తిరుగుతున్న పిల్లలనూ చూశాను. చాలామందికి చదువులో ఏ లోటూ లేదు, చేరేటప్పుడు ఎవరూ లెక్క చూడలేదు, అంతే. ఆ లెక్క నువ్వు ఇప్పుడే చూడు.

మన దేశంలో వైద్యవిద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నవంబరులో తెచ్చిన నిబంధనలే నీకు వర్తిస్తాయి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. దానికి తోడు 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే, అదే విద్యాసంస్థలో చేయాలి. తిరిగొచ్చాక, విదేశాల్లో చదివిన వాళ్లకు పెట్టే స్క్రీనింగ్ పరీక్ష పాసై, ఇక్కడ ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎవరైనా "మొత్తం అయిదేళ్లలో అయిపోతుంది" అంటే వేళ్ల మీద లెక్కపెట్టి చూడు. అయిదేళ్లంటే 60 నెలలు. 54కి 12 కలిపితే 66. ఆ ఆరు నెలల తేడా ఎక్కడ పూడుస్తారో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిమ్మను. కన్సల్టెన్సీ వాళ్లు వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్ రేపు ఏ ఆఫీసులోనూ చెల్లదు.

ఇంకో మాట కూడా కాలేజీ నుంచే రాతపూర్వకంగా తీసుకో. ఆ డిగ్రీతో ఆ దేశంలో, అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు లైసెన్సు పొందే అర్హత విదేశీ విద్యార్థికి ఉందా? ఇది చాలామంది అడగరు. "మేం ఎలాగూ ఇండియా వచ్చేస్తాం కదా" అనుకుంటారు. కానీ మన కమిషన్ అడిగేది అదే: ఏ దేశం డిగ్రీ ఇచ్చిందో ఆ దేశమే నిన్ను డాక్టరుగా ఒప్పుకోవాలి.

"ఎన్‌ఎంసీ అప్రూవ్డ్ కాలేజీ" అని బ్రోషర్ మీద పెద్ద అక్షరాలతో వేశారట. కమిషన్ ఏ విదేశీ కాలేజీనీ ఆమోదించి జాబితా విడుదల చేయదు. నిబంధనలు చెప్పి, సరిచూసుకునే బాధ్యత మనకే వదిలేసింది. ఆ ముద్ర చూసి డబ్బు కట్టవద్దని మీ నాన్నకు గట్టిగా చెప్పు. ఇక నీట్ సంగతి, నీకు అందులో అర్హత వచ్చింది కాబట్టి ఆ విషయంలో భయం లేదు. ఆ స్కోర్‌కార్డు మాత్రం భద్రంగా దాచు. నీట్ లేకుండా వెళ్లి చదివొస్తే ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష రాయనివ్వరు.

నీ స్నేహితురాలు ఫిలిప్పీన్స్ అంటోందని విన్నాను. అక్కడ ముందు బీఎస్ అనే సైన్సు డిగ్రీ చదివించి, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీలో చేర్చుకుంటారు. ఎంబీబీఎస్‌కు సమానంగా చూసేది ఆ ఎండీనే, నాలుగేళ్లంటే 48 నెలలే, మన కమిషన్ అడిగే 54 నెలలకు చాలవు. తనకు కూడా ఈ ఉత్తరం చూపించు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం: ఒకే కాలేజీ, ఒకే దేశం. చదువంతా, ఇంటర్న్‌షిప్‌తో సహా, మొదలుపెట్టిన చోటే పూర్తిచేయాలి. మధ్యలో కాలేజీ మారడం, ఆఖరి ఏడాది క్లినికల్ రొటేషన్లు (వార్డుల్లో వంతులవారీ శిక్షణ) హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయిస్తామనడం, ఇలాంటివి ఎంత తియ్యగా చెప్పినా ఒప్పుకోకు. మన దేశంలో గానీ మూడో దేశంలో గానీ చేసిన శిక్షణ లెక్కలోకి రాదు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం వచ్చి వేలమంది పిల్లలు ఇంటికి వచ్చేసినప్పుడు, వేరే దేశంలో చదువు కొనసాగించడానికి కమిషన్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అదీ డిగ్రీ మాత్రం యుక్రెయిన్ కాలేజీయే ఇవ్వాలన్న షరతుతో. అంత పెద్ద ఆపద వస్తే గానీ సడలించని నిబంధన అది. హాస్టల్ తిండి నచ్చలేదని కాలేజీ మారతానంటే ఎవరూ వినరు.

ఆన్‌లైన్ క్లాసుల సంగతీ అంతే. కరోనా రోజుల్లో చైనాకు తిరిగి వెళ్లలేక ఇంట్లో కూర్చుని చదివిన పిల్లలు తర్వాత ఎంత అవస్థ పడ్డారో దగ్గరుండి చూశాను. ఒక బ్యాచ్‌కైతే ఇక్కడ ఏడాదికి బదులు రెండేళ్ల ఇంటర్న్‌షిప్ పెట్టారు. వాళ్ల తప్పేమీ లేకపోయినా అలా జరిగింది. సెలవుల్లో ఇంటికొచ్చి, "రెండు వారాలు ఆన్‌లైన్‌లో వింటాలే" అని ఉండిపోయే అలవాటు చేసుకోకు.

ఎందుకంటే ఇక్కడ చూసేది పాస్‌పోర్టు. మొన్న మా ఇంటర్న్ ఒకడు రిజిస్ట్రేషన్ కాగితాలు సరిచూడమని నా దగ్గరికి తెచ్చాడు. పాస్‌పోర్టులు రెండు, పాతది, కొత్తది. టేబుల్ మీద ఒక పక్క సెమిస్టర్ మార్కుల షీట్లు పరిచాం, ఇంకో పక్క పాస్‌పోర్టు పేజీలు తెరిచి, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఒక్కొక్కటే కాగితం మీద రాసుకున్నాం. ఒక స్టాంపు సగమే పడింది, నెల కనబడుతోంది గానీ రోజు కనబడదు. అదృష్టం బాగుండి ఆ ప్రయాణం బోర్డింగ్ పాస్ వాడి ఫైల్లో ఉంది. అందుకే చెబుతున్నా, పాస్‌పోర్టు రెన్యూవల్ అయ్యాక పాతది పారేయకు. ప్రతి బోర్డింగ్ పాస్ ఫొటో తీసి మెయిల్‌కు పంపుకో. ఫీజు రసీదులు, ప్రతి ఏడాది స్టడీ సర్టిఫికెట్, ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో ఎన్ని రోజులు చేశావో రాసిన లాగ్‌బుక్, అన్నీ ఒకే ఫైల్లో పెట్టు. డిగ్రీకి, మార్కుల షీట్లకు అపోస్టిల్, అంటే ఆ కాగితాలు అసలైనవేనని ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర, అక్కడుండగానే చేయించుకో. ఇంటికొచ్చాక ఎవరినో బతిమాలి పంపించుకోవడం మహా తలనొప్పి.

భాష గురించి ఒక మాట. క్లాసులు ఇంగ్లీషులోనే ఉండాలని నిబంధన. కానీ వార్డులో మంచం మీదున్న ముసలమ్మకు ఇంగ్లీషు రాదు. బిష్కెక్‌లో అయితే రష్యన్ లేదా కిర్గిజ్, టిబిలిసీలో జార్జియన్. మొదటి ఏడాది నుంచే గంటసేపు భాష మీద కూర్చో. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, జ్వరం వచ్చిందా, ఈ నాలుగు మాటలు కూడా అడగలేని పిల్లలు వార్డులో గోడ పక్కన నిలబడిపోతారు. అలాంటి వాళ్లు ఇక్కడికొచ్చి బీపీ చూడటానికి కూడా తడబడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ల కష్టార్జితమంతా పోసి పంపారు కదా తల్లిదండ్రులు.

స్క్రీనింగ్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 300 ప్రశ్నలు, 150 రావాలి, నెగెటివ్ మార్కులు లేవు. దాని స్థానంలో నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) అనే పరీక్ష వస్తుందంటున్నారు, ఏదొచ్చినా చదవాల్సింది అవే సబ్జెక్టులు. రెండో ఏడాది నుంచే మన పుస్తకాలు పక్కన పెట్టుకుని చదువు. ఇంకోటి, చేరిన రోజు నుంచి 10 ఏళ్లలో చదువు అయిపోవాలి, ఇంటర్న్‌షిప్‌తో సహా.

ఇక్కడ ఇంటర్న్‌షిప్‌కు ఆసుపత్రులు డబ్బు అడగకూడదని కమిషన్ 2022లోనే చెప్పింది. స్టైపెండ్ కూడా మన పిల్లలతో సమానంగా ఇవ్వాలి. కాకపోతే విదేశాల నుంచి వచ్చిన వాళ్లకు కాలేజీ సీట్లలో 7.5 శాతమే అదనంగా ఇస్తారు కాబట్టి చోటు కోసం కొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు. ఆ ఆలస్యాన్ని కూడా మీ నాన్న ఎడ్యుకేషన్ లోన్ లెక్కలో కలుపుకోవాలి.

రెండు ఆఫర్ లెటర్లు, సిలబస్ కాగితాలు స్కాన్ చేసి నాకు పంపు. కోర్సు నెలలు, ఇంటర్న్‌షిప్, లైసెన్సు, ఈ మూడింటికీ జవాబు అడుగుతూ కాలేజీకి నువ్వే మెయిల్ రాయి. జవాబు వచ్చేదాకా అడ్వాన్సు కట్టం అని కన్సల్టెన్సీ వాళ్లతో మీ నాన్న చేత చెప్పించు. టెన్షన్ పడకు, ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ లేదు, కూర్చుని కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ