బావిని ఎవరూ బండెక్కించి తిప్పరు

ఉత్తరం:

అమ్మా, మాది అనంతపురం పాతూరు. మా అత్తకు 76 ఏండ్లు. మామ పోయి మూడేండ్లయింది. అప్పటినుంచి ముగ్గురు కొడుకులూ వంతులేసుకున్నారు. నెల మా దగ్గర, నెల కర్నూల్లో పెద్ద మరిది దగ్గర, నెల బెంగళూర్లో చిన్న మరిది దగ్గర. ఆడపడుచు ప్రొద్దుటూర్లో ఉంటుంది. ఆమెకు వంతు లేదు, ఫోన్లో సలహాలు మాత్రం చెప్తుంది. ఏడాదిగా అత్తకు మతి నిలవడం లేదు. తిని పది నిమిషాలు కాకముందే అన్నం పెట్టలేదంటుంది. బెంగళూర్లో ఫ్లాటు తలుపు తీసుకొని లిఫ్టులో కిందికి పోతే వాచ్‌మన్ పట్టుకొచ్చినాడంట. అక్కడే బాత్రూములో జారింది, ఏమీ కాలేదన్నారు. మా ఇంటికొచ్చి ఇరవై రోజులైంది. ఈ వారం రాత్రిళ్ళు నిద్ర లేదు, గోడ మీద మనుషులున్నారంటుంది, పగలు మత్తుగా పడుకుంటుంది. బంగారు గాజులు నేనే తీసినానని వీధిలో అందరికీ చెప్పింది. మొన్న స్నానం చేయిస్తాంటే గిచ్చింది. నేను చేతి మీద కొట్టినాను. ఆ రాత్రంతా ఏడ్చినాను. ఈ మాటెత్తితే మా ఆయన అంగడికి పోతాడు. నెలాఖరుకి కర్నూలు వంతు, ఈసారి వాళ్ళు వద్దంటున్నారు. ఆశ్రమంలో పెడితే పాపమా? నాకు 49, బీపీ ఉంది. కళ్యాణదుర్గంలో మా అమ్మను చూసి ఏడాదిన్నర అయింది.

జవాబు:

అమ్మా, పాపపుణ్యాల సంగతి తర్వాత చూద్దాం. మీరు ఒక్క ముక్కలో దాటేసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. "బాత్రూములో జారింది, ఏమీ కాలేదన్నారు." ఆ తర్వాత మూడు వారాలకు పగటి మత్తు, రాత్రి గోడ మీద మనుషులు. ఈ రెంటికీ సంబంధం ఉండొచ్చు.

పెద్ద వయసులో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. చిన్న దెబ్బకే పుర్రెకూ మెదడుకూ మధ్య సన్నని రక్తనాళం తెగి, రక్తం బొట్టుబొట్టుగా చేరొచ్చు. ఆ రోజు ఏమీ కనిపించదు. వారాలు గడిచాక మత్తు, తికమక, నడకలో తూలు బయటపడతాయి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీటీ స్కాన్‌లో ఇది తెలిసిపోతుంది, వైద్యమూ ఉంది. అందుకని రేపే మన సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరుకు చెప్పాల్సింది రెండు మాటలు: "ఏడాదిగా ఉన్న మతిమరుపు వేరు, ఈ వారంలో వచ్చింది వేరు. నెల కిందట జారిపడింది." వయసైపోయింది కదా అని ఎవరన్నా తేల్చేస్తే మీరు అదే మాట మళ్ళీ అనండి. ఈలోపు వాంతులైనా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, ఎంత లేపినా లేవకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

స్కాన్‌లో ఏమీ లేకపోతే మూత్రం పరీక్ష, రక్తంలో సోడియం (ఉప్పు) పరీక్ష అడగండి. ముసలివాళ్ళకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం, మంట ఉండకపోవచ్చు. మతి చెదరడం ఒక్కటే కనిపించొచ్చు. మలబద్ధకమూ అంతే పని చేస్తుంది. వయసు పైబడేకొద్దీ దప్పిక తెలియడం తగ్గుతుంది, మన ఎండల సంగతి మీకు చెప్పాలా! నీళ్ళు కావాలా అని అడిగితే వద్దనే అంటుంది. అడక్కుండా గంటకోసారి అర గ్లాసు మజ్జిగో నీళ్ళో చేతికివ్వండి. గుండెకో కిడ్నీకో నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఆయన చెప్పిన కొలతే. బీపీ కోసం మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర వాడుతుంటే సోడియం పడిపోవచ్చు. బెంగళూర్లో కొత్తగా ఏమేం మందులు మొదలుపెట్టారో చిన్న మరిదినడిగి, అన్ని మాత్రలూ ఒక సంచిలో వేసుకుపోండి. జలుబు మాత్రలు, అలర్జీ మాత్రలు కూడా కొన్ని మతిని తికమక పెడతాయి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర మాత్రం తేవొద్దు.

ఏడాది నాటి మతిమరుపుకు కూడా ఒకసారి థైరాయిడ్, బీ12 విటమిన్ పరీక్షలు చేయించాలి. ఈ రెంటిలో లోపముంటే సరిదిద్దుకోవచ్చు. అది కాక అల్జీమర్స్ లాంటి జబ్బని తేలితే, మందులు కొంతకాలం కొంచెం ఆసరా ఇస్తాయి, పోయిన జ్ఞాపకాన్ని తెచ్చివ్వవు. బెంగళూరు నిమ్హాన్స్‌లో వృద్ధుల మానసిక ఆరోగ్యానికి విడిగా విభాగం ఉంది. చూపించాలనుకుంటే ఓపీ సంగతి, క్యూలో నిలబడే సంగతి చిన్న మరిది మీద పెట్టండి. ఆ ఊళ్ళో ఉన్నది అతనే.

ఇక వంతుల సంగతి. మన సీమలో ఇది కొత్తేమీ కాదు, తప్పుడు బుద్ధితో చేసిందీ కాదు. ఒకరి మీదే భారం పడకూడదని ముగ్గురూ కూర్చుని పంచుకున్నారు. పొత్తులో బావి ఉన్న చోట నీళ్ళకు వంతులేసుకుంటారు చూడండి, ఈ రోజు నీది, రేపు నాది. కానీ బావి ఉన్న చోటే ఉంటుంది. మనుషులే వంతు ప్రకారం పోయి నీళ్ళు పారించుకుంటారు. మీ ఇంట్లో జరిగింది తిరగబడింది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చున్నారు, బావిని బండెక్కించి తిప్పుతున్నారు.

మతి బాగున్నన్నాళ్ళూ ఆ తిరుగుడు పర్వాలేదు, మనవల్ని చూసినట్టూ ఉంటుంది. ఈ జబ్బులో ముందు పోయేది కొత్తది నేర్చుకునే శక్తి. పాతది చాన్నాళ్ళు నిలుస్తుంది. పాతూరు ఇల్లు మీ మామ కాలం నాటిదే అయితే, అక్కడ బాత్రూముకు ఆమె కాళ్ళే తీసుకుపోతాయి, మతితో పనిలేదు. బెంగళూరు ఫ్లాటులో అర్ధరాత్రి లేస్తే ఏది తలుపో ఏది గోడో తెలియదు. నెల రోజులు వెతికి వెతికి అరకొరగా అలవాటయ్యేలోపు ఇంకో ఊరి బస్సు ఎక్కిస్తారు. లిఫ్టులో కిందికి పోయింది పారిపోవడానికి కాదు, ఇల్లు వెతుక్కుంటూ పోయింది. "ఇంటికి పోవాల" అని రోజూ అంటుంటే అందులో ఊరి పేరు వెతకొద్దు. ఇక్కడ నాకు ఏదీ తెలిసినట్టు లేదు, భయంగా ఉంది అని దానర్థం.

మా నాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. చివరి రెండేండ్లూ పొద్దుగూకితే గుత్తి రైలుకు టైమైందని చెప్పులు వెతుక్కునేవాడు. "నీ ఉద్యోగం అయిపోయి ఇరవై ఏండ్లయింది" అని నేను వాదించేదాన్ని. ఇంత చదువుకున్నదాన్ని, రోజూ అదే వాదన, రోజూ ఇద్దరికీ ఏడుపు. ఒకరోజు మా పనిమనిషి "రైలు గంట లేటంట సార్, కాఫీ తాగి పోదురు" అంది. ఆయన కూర్చుని కాఫీ తాగాడు. రైలు మాట మళ్ళీ ఎత్తలేదు.

మీరూ అత్తతో వాదించకండి, అలా మాట కలపండి. తెలియని చోట్ల తిప్పితే ఇంత భయం కాబట్టి ఆమె పాతూర్లోనే ఉండాలి. ఈ మాట చదివి మీకు గుండె ఆగినంత పనై ఉంటుంది, అంటే మూడు వంతులూ నా నెత్తినేనా అని. కాదు. ఆమె కదలదు, వాళ్ళు కదులుతారు. కర్నూలు నుంచి అనంతపురానికి మూడు గంటల బస్సు. పెద్ద మరిదో తోడికోడలో నెలలో ఒక వారం వచ్చి మీ ఇంట్లో ఉండాలి. ఆడపడుచు ఇంకో వారం. చుట్టపు చూపుగా కాదు. రాత్రి లేవడం, స్నానం, మాత్రలు అన్నీ ఆ వారం వాళ్ళవే. చిన్న మరిదికి సెలవు దొరక్కపోతే పగటిపూట సాయానికి ఒక మనిషిని పెట్టి ఆ జీతం ఆయన కట్టాలి. అత్తగారికి పింఛను వస్తుంటే ఆ 4,000 డైపర్లకు, మందులకు విడిగా పెట్టి ఒక నోటుబుక్కులో రాయండి. లెక్క రాస్తే ప్రేమ తగ్గిపోదు, అనుమానం తగ్గుతుంది.

ఈ మాటలు మీరు మాట్లాడొద్దు. పెద్ద కోడలు నోరెత్తితే "వదిన తోసేస్తోంది" అంటారు. మాట్లాడాల్సింది మీ ఆయన. అంగడికి పోయే మనిషిని అంగట్లోనే పట్టుకోండి. తమ్ముళ్ళకూ చెల్లెలికీ ఫోన్ కలిపిచ్చి అక్కడే నిలబడండి. ఆయన పోయేది ప్రేమ లేక కాదనుకుంటాను, కన్నతల్లి తనను గుర్తుపట్టని రోజు వస్తుందన్న భయంతో. కానీ ఆ భయాన్ని మీరు స్నానం చేయిస్తూ మోస్తున్నారు, ఆయన షట్టరు తీసుకుని మోస్తున్నారు. ఇక్కడ ఒక విచిత్రం చెప్తాను. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో బాధ్యులెవరంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని ఉంది. కోడలి మాట లేదు. ఆడపడుచుకు వంతు లేదన్నది మీ ఇంటి మాట, చట్టం మాట కాదు. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ నెలకు 10,000 దాకా ఇప్పించగలదు. మీరు అక్కడిదాకా పోవాలని నేననను. ఈ సంగతి మీ ఆయనకు తెలిసుంటే ఫోన్లో గొంతు కాస్త గట్టిపడుతుంది. ఎవరూ కదలకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా.

గాజుల మాట. ఆమె ఎక్కడో దాచింది, దాచిన సంగతి మరిచింది. ఖాళీ అయిన ఆ చోట మతి ఒక కథ అల్లుకుంటుంది. ఆ కథలో దొంగ ఎప్పుడూ దగ్గరుండి చేసేవాళ్ళే. ప్రొద్దుటూరు కూతురు దొంగ కాలేదు, ఆమె కంటి ముందు లేదు గనుక. "నేనెందుకు తీస్తాను" అన్నారంటే గొడవ మొదలు. "అయ్యో కనపడలేదా, పా అత్తా వెతుకుదాం" అనండి. బియ్యం డ్రమ్ము, దిండు గలీబు, దేవుని గూడు, పాత ట్రంకు పెట్టె చూడండి. దొరికాక అందరూ ఉన్న రోజు ఒక్కో నగా ఫోటో తీసి, జాబితా మీద నలుగురి సంతకాలు పెట్టించి బ్యాంకు లాకరులో పెట్టండి. ఆమె చేతికి రోల్డ్‌గోల్డు గాజులు వేయండి. ఆ జాబితా మీకోసం. వీధి వాళ్ళు మరిచిపోతారు, ఆడపడుచు మరిచిపోదు.

మీరు కొట్టారు. ఏం పర్వాలేదని నేననను, మీరూ అలా అనుకోవడం లేదు. వారంగా సరైన నిద్ర లేని మనిషి చెయ్యి లేస్తుంది, అందుకే ఆ మనిషికి విశ్రాంతి దొరకాలి అంటున్నాను. ఆమె గిచ్చింది కూడా కోపంతో కాదు. ఎవరో బట్టలు విప్పుతున్నారు, తల మీద నీళ్ళు పోస్తున్నారు అనిపిస్తే మనమైనా గిచ్చుతాం. తల స్నానం వారానికొకటి చాలు. మిగతా రోజులు స్టూలు మీద కూర్చోబెట్టి, భుజం మీద తువ్వాలు కప్పి, చెంబు ఆమె చేతికే ఇచ్చి కాళ్ళ మీద నీళ్ళు ఆమెనే పోసుకోనివ్వండి. మీకు చెయ్యి లేస్తుందనిపిస్తే స్నానం ఆపేయండి, ఒక పూట మురికితో ఎవరూ చావరు. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి గడప దాటి బయట నిలబడండి. మనసు మరీ కుదురు తప్పితే మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ 14416 టెలీమానస్ ఉంది, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, ఖర్చు లేదు. మీ బీపీ కూడా ఆసుపత్రికి పోయిన రోజే చూపించుకోండి.

సాయంత్రాలు ఇలాంటివాళ్ళకు కష్టం. చీకటి పడకముందే లైట్లు వేయండి. శెనక్కాయలు ఒలవమని చాటలో పోసి ముందు పెట్టండి, చేతులకు ఆ పని గుర్తుంటుంది. నోట్లో వేసుకుని పొలమారకుండా పక్కనే ఉండండి. గ్యాస్ రెగ్యులేటరు రాత్రిపూట ఆపేయండి. బయటి తలుపుకు గడియ పైన, ఆమె చెయ్యి అందని చోట పెట్టించండి.

ఆశ్రమం పాపం కాదు. ఏడాదికో రెండేండ్లకో, మీ ఒళ్ళు సహకరించకపోతే అది ఆలోచించాల్సిన దారే. కాకపోతే మతి తప్పినవాళ్ళను చాలా చోట్ల చేర్చుకోరు. చేర్చుకునే చోట రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి ఉంటుందో మీరే పోయి చూడాలి. అయినా నలుగురు పిల్లల్లో ముగ్గురు ఇంకా ఒక్క రాత్రి కూడా పాతూర్లో కాపలా ఉండలేదు. ఆ ముగ్గుర్నీ పరీక్షించకుండా ఆశ్రమం మాట ఇప్పుడే వద్దు.

స్కాన్ అయ్యి, డాక్టరు పర్వాలేదన్నాక, నెలాఖరుకి అత్తగారి బట్టలు సర్దకండి. ఏ మాత్ర ఏ పూటో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మొదటి వారానికి ఆడపడుచును రమ్మని మీ ఆయన చేతే ఫోన్ చేయించండి. ఆమె వచ్చిన సాయంత్రం సంచీ సర్దుకుని కళ్యాణదుర్గం బస్సెక్కండి. వెంటనే ఫోన్లు మొదలవుతాయి, సబ్బెక్కడ, గలీబులెక్కడ అని. రోజుకొకసారి, రాత్రి ఎనిమిదికి మాత్రం ఎత్తండి.