పాత లైకా అసలుదేనా? లెన్సు విప్పి చూడండి

1930ల నాటి జర్మన్ కెమెరా లైకా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోందని, పైన పేరు స్పష్టంగా ఉందని, కొనొచ్చా అని అడిగారు. పేరు చూసి మాత్రం కొనకండి. నేను కొన్నాను.

నాది బంగారు రంగు పూతతో, పైన జర్మన్ వైమానిక దళం ముద్రతో ధగధగా మెరిసేది. ఆ మెరుపుకే అనుమానం రావాల్సింది. రెండు రోజులు మురిసిపోయాక, తుడుద్దామని లెన్సు విప్పాను. బాడీ లోపల పైభాగంలో, దూరాన్ని బట్టి ఫోకస్ కుదర్చడానికి వాడే రేంజ్‌ఫైండర్‌ని కదిలించే చిన్న మీట ఒకటి ఉంటుంది. అసలు లైకాలో దాని కొసన గుండ్రటి బుల్లి చక్రం ఉంటుంది. నా దాంట్లో చక్రం లేదు, ఏటవాలుగా అరగదీసిన ఇనుప ముక్క ఉంది. అది జోర్కి అనే సోవియట్ కెమెరా. పాత పేరు గీకేసి లైకా అని చెక్కారు, అంతే.

(1925లో అమ్మకానికొచ్చిన మొదటి లైకాలో ఈ మీటే ఉండదు. 1932 నాటి లైకా 2 నుంచి చూడొచ్చు.)

ఒళ్ళు మండిన మాట నిజం. కానీ దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతుంటే కోపం పోయింది. ఖార్కివ్‌లో వీధి పిల్లల కోసం మకరెంకో అనే ఉపాధ్యాయుడు నడిపిన కమ్యూన్‌లో లైకా 2ని విప్పి చూసి, అచ్చు అలాంటిదే 1934 నుంచి తయారు చేశారు. కమ్యూన్‌కి సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థాపకుడు ఫెలిక్స్ ఎడ్మండోవిచ్ జెర్జిన్‌స్కీ పేరు పెట్టారు, ఆయన పూర్తి పేరులోని పొడి అక్షరాలతోనే ఆ కెమెరాకి ఫెద్ అని పేరొచ్చింది. 1948లో మాస్కో దగ్గర క్రాస్నగోర్స్క్‌లో మొదలైన జోర్కి దానికి తమ్ముడు. ఇంత కథ ఉన్న కెమెరాకి దొంగపేరు ఎందుకు తగిలించారో!

ఇప్పుడు దానికి జూపిటర్-8 లెన్సు పెట్టి వాడుతున్నాను. అదీ కాపీయే, కాకపోతే దాపరికం లేని కాపీ. జర్మన్ లెన్సుల కంపెనీ జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ డిజైన్ యుద్ధం తర్వాత సోవియట్ చేతికి వెళ్ళింది. నా లెన్సు సీరియల్ నంబరు 57తో మొదలవుతుంది, అంటే 1957లో చేసింది. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి ఇలా మొదటి రెండంకెలే పుట్టిన సంవత్సరం చెబుతాయి.

లెన్సు ఎవరిదైనా సరే, అపర్చర్ (వెలుగు వెళ్ళే రంధ్రం) పూర్తిగా తెరిచి వెనకనుంచి టార్చ్ కొట్టి చూడండి. సాలెగూడులా కనిపిస్తే ఫంగస్. దుమ్ము కణాలు నాలుగు కనిపిస్తే టెన్షన్ పడకండి, ఫోటోలో తెలియవు. షట్టర్ గుడ్డ మీద కూడా వెలుగు వేయండి, సూదిమొనంత చిల్లున్నా ఫోటోలో తెల్ల చుక్క పడుతుంది.

ముందైతే లెన్సు తీసేసి ఆ మీట కొస ఫోటో పంపమని అమ్మేవాళ్ళని అడగండి. నేను ఇప్పుడు అందరినీ అదే అడుగుతున్నాను. సగం మంది ఆ తర్వాత మాట్లాడరు.