వెంటిలేటర్ తీయించడం చంపడమేనా?

ప్రశ్న: మెదడులో రక్తస్రావమైన మా నాన్నగారు 40 రోజులుగా వెంటిలేటర్ మీదే ఉన్నారు. ఇక ఆశ లేదని డాక్టర్లు చెప్పేశారు. తీయించేద్దామని అన్నయ్య, కట్టుకున్నవాణ్ణి చేజేతులా చంపుకోలేనని అమ్మ. ఏది ధర్మం?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ అమ్మగారి మాటను భావోద్వేగమని కొట్టిపారేయకండి, ఆమె భయపడుతున్న పని, అంటే ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం, మన దేశంలో నేటికీ నేరమే. అయితే కోలుకునే అవకాశమే లేని రోగికి యంత్రాన్ని తొలగించి, జబ్బును దాని దారిన పోనివ్వడం వేరు. గౌరవంగా మరణించడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో సులభతరం చేసిన విధానం ప్రకారం, రోగి ముందుగా లివింగ్ విల్ (కోలుకోలేని స్థితిలో తనకు ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం) రాయకపోయినా, చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం ఐదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు ఉన్న బోర్డు, దాని తర్వాత రెండో బోర్డు పరీక్షించి ఏకీభవించాలి, కుటుంబం సమ్మతించాలి, ఆసుపత్రి ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. కనుక ఈ భారం మీ అన్నయ్య ఒక్కరి మీదా పడదు, మీ అమ్మగారి మీదా పడదు.

ఇలాంటప్పుడు చాలామంది అరుణా శాన్‌బాగ్ ఉదంతం ఎత్తుతారు. 1973లో ముంబయి కెఇఎం ఆసుపత్రిలో దాడికి గురైన ఆ నర్సు 2015లో కన్నుమూసే దాకా, దాదాపు 42 ఏళ్ళు, మంచానికే పరిమితమయ్యారు. ఆమెకు ఆహారం ఆపడానికి తోటి నర్సులు ససేమిరా అన్నారు, 2011లో సుప్రీంకోర్టూ అనుమతించలేదు. అన్నేళ్ళూ ఆమె ఒంటిపై పడక పుండు పడకుండా చూసుకున్న ఆ చేతులను తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి; మనిషి గౌరవమంటే అదీ. కానీ ఆమె ఊపిరి ఆమే తీసుకునేవారు. మీ నాన్నగారి ఊపిరి యంత్రానిది.

కాబట్టి ఇంట్లో 'ఉంచుదామా, తీద్దామా' అని వాదించుకోవడం మానండి. ఎవరినైనా ఆసుపత్రిలో చూసి ఇంటికొచ్చిన రోజున నాన్నగారు ఏమనేవారో అమ్మగారిని అడగండి. ఆయన్ని అందరికంటే ఎరిగినది ఆమే. చికిత్స ఆపాలనే నిర్ణయానికే వస్తే, ఆయాసం, నొప్పి తెలియకుండా మందులిచ్చే ఉపశమన చికిత్స గురించి డాక్టర్లతో ముందే మాట్లాడండి. అమ్మగారు ఐసీయూ అద్దం బయట కాకుండా మంచం పక్కనే కూర్చుని, ఆయన చేయి పట్టుకుని, తులసి తీర్థంతో పెదవులు తడిపేందుకు వీలు కల్పించమనీ అడగండి.